అరుగు మీద గిన్నె

మా చిన్నప్పుడు వరంగల్ కొత్తవాడలో మనుషులకన్నా గిన్నెలే ఎక్కువ తిరిగేవి...

ఒక ఇంట్లో చింతచిగురు పప్పు వండితే నాలుగిళ్లకు వెళ్లేది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు. మనింట్లో ఏదైనా మంచిది వండేదాకా అది మనింట్లోనే ఉండిపోయేది. ఈలోపు అందులోనే ఇంకెవరికో ఇంకేదో వెళ్లిపోయేది. అందుకే స్టీలు గిన్నె కొనగానే దాని మీద పేరు కొట్టించేవాళ్లు. అయినా ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో ఆ దేవుడికే తెలియాలి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మకు టైఫాయిడ్ వచ్చి దవాఖానలో చేర్చారు. అమ్మమ్మ అక్కడే తోడుగా ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది నేను, బాపు, మగ్గం. బాపు జంపఖానాలు నేసేవాడు. వంట మాత్రం ఆయనకు చేతకాదు. ఓ పూట అన్నం మాడ్చాడు, మరో పూట పలుకుగా దింపాడు. ఆ తర్వాత ఇక మూడు పూటలా ఛాయ్ తాగడమే...

అలాంటి ఒక పొద్దున తలుపు తీస్తే అరుగు మీద మూతపెట్టిన గిన్నె. లోపల పొగలు కక్కే అన్నం, పప్పు, ఓ పక్కన టమాట తొక్కు పచ్చడి. గిన్నె అంచున 'రాజవ్వ' అని పేరు.

"ఎవలు పెట్టిండ్రో తెల్వంది నేను ముట్ట. నువ్వు తిను బిడ్డా" అన్నాడు బాపు. ఒకరి దగ్గర ఊరికే తీసుకోవడమంటే ఆయనకు ప్రాణం పోయినట్టే.

మూలమీది ఇంట్లో ఉండే రాజవ్వ దగ్గరికి పరుగెత్తాను.

"గిన్నె నాదే గని నేను పెట్టలె బిడ్డా. బతుకమ్మకు సత్తుపిండి పంపిన దాంట్ల. ఎవలకు పంపిన్నో యాదికి లేదు" అంది. "ఖాళీది తేకు. నీకాడ్నే ఉండని."

మర్నాడు గిన్నె మీద 'మరియమ్మ' అని ఉంది. మిషన్ కుట్టే మరియమ్మత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. "ఇది క్రిస్మస్ నాడు పోయిన గిన్నె. ఇన్నొద్దులకు కండ్లవడ్డది" అంది. అన్నం సంగతి మాత్రం ఆమెకూ తెలియదు.

ఇక రోజుకో పేరు... రోజూ నేను కడుపునిండా తినేదాన్ని, బాపు ఛాయ్ తాగి మగ్గం ఎక్కేవాడు. ఆయన చెంపలు లోపలికి పోయాయి. అమ్మ అక్కడ మంచం మీద, బాపు ఇక్కడ ఇలా... ఇద్దరికీ ఏమైనా అయితే నాకెవరున్నారని భయం పట్టుకుంది. ఆ పెట్టేది ఎవరో కనుక్కుంటే తప్ప బాపు తినడు. కనుక్కోవాల్సింది నేనే.

ఒకరోజు కడిగిన గిన్నెలన్నీ అరుగు మీద బోర్లించి పేర్లు చదువుతూ కూర్చున్నాను. మా వాడలో దాదాపు అందరి పేర్లూ ఉన్నాయి. ఒక్క ఇంటి పేరు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

అది మా పక్కిల్లే... సరోజన పెద్దమ్మ ఇల్లు.

అంతకుముందు ఎండాకాలం మేం ఆరేసిన ఎర్ర నూలు నుంచి రంగునీళ్లు కారి, ఆమె పెట్టుకున్న ఒడియాలన్నీ ఎర్రబడ్డాయి. ఆమె ఒక మాట అంది, బాపు రెండన్నాడు. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. తన పేరున్న గిన్నె చూస్తే బాపు నన్ను కూడా తిననివ్వడని ఆమెకు తెలుసు. అందుకే తన వంటింట్లో పోగైన పరాయి గిన్నెలన్నీ వెతికి తీసింది. అది తట్టగానే చివాలున లేచాను.

లోపలికెళ్లి ఆ పూట వచ్చిన అన్నం గిన్నె బాపు ముందు పెట్టాను. "ఎవలో దొరికిండ్రు బాపు. నువ్వు తింటెనే చెప్త."

బాపు చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక చెప్పాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. తల వంచుకుని ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. గిన్నె తనే కడిగాడు. "ఖాళీ గిన్నె ఎట్లిస్తం" అంటూ డబ్బా అడుగున ఉన్న చక్కెరంతా అందులో పోసి, పక్కింటి గడప ముందు నిలబడ్డాడు.

"వదినా..." అన్నాడు. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో.

సరోజన పెద్దమ్మ బయటికొచ్చింది. గిన్నె వైపు కూడా చూడలేదు. "ఇయ్యాల తిన్నవా మల్లయ్యా?" అంది. "దినాం గోడవతల మగ్గం చప్పుడు సన్నగైతాంది. పోరి తింటాంది గని నువ్వు తింటలేవని ఎర్కైంది నాకు."

పెద్ద రహస్యం ఛేదించానని నా గొప్ప... ఆమె గోడకు అవతల కూర్చుని, మాటల్లేని మనిషి ఆకలిని మగ్గం చప్పుడులో విన్నది.

మర్నాడు అరుగు మీద మళ్లీ గిన్నె ఉంది. దాని మీద పేరు 'సరోజన'.

కొన్నాళ్లకు అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. నేను పెరిగి మిస్టరీ కథలు రాసేదాన్నయ్యాను. ఇదే వరంగల్‌లో కూర్చుని రాస్తాను. నా కథల్లో హత్యలుండవు, శవాలుండవు. "మరి మిస్టరీ ఏముంటది మేడమ్?" అని అడుగుతుంటారు. ఒక మనిషి ఇంకో మనిషికి దొరక్కుండా మంచి చేయడంకన్నా పెద్ద మిస్టరీ నాకింతవరకు కనిపించలేదు. ఆ పొద్దున తిన్న అన్నానికి నేనింకా రుణపడే ఉన్నాను.

ఇప్పుడు తిండి ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తుంది. తిన్నాక డబ్బా చెత్తలోకి పోతుంది. తిరిగి ఇవ్వాల్సింది ఏమీ ఉండదు, ఇవ్వడానికి ఒక గడపా ఉండదు...

సరోజన పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. ఆమె చివరిసారి పచ్చిపులుసు పోసిచ్చిన గిన్నె నా వంటింట్లోనే ఉండిపోయింది. మీ వంటింట్లో కూడా ఒకసారి వెతకండి... వేరే పేరున్న గిన్నె దొరికితే అది ఎవరిదో నాకు చెప్పండి. వాళ్లింకా ఉంటే మాత్రం, ముందు అందులో ఏదైనా పోసి వాళ్లింటికి వెళ్లండి.