భయం చెప్పి ఎక్కిన కొండ

మొన్న నెల్లూరు బస్టాండులో ఒకామె గంప దించి, "ఉదయగిరి కొండ కాయలమ్మా" అంది. పండీ పండని సీతాఫలాల వాసన, వాటి కింద పరిచిన ఆకుల వాసన కలిసి గుప్పున తగిలాయి. ఎక్కాల్సిన బస్సు సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను. జైతూన్ టీచర్ పోయారని విన్ననాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

డెబ్బైలలో ఆత్మకూరులో ఆమె మాకు డ్రిల్లు టీచర్. ఎండకు కమిలిన ముఖం, చీర కుచ్చెళ్ల కింద మగవాళ్ల కాన్వాసు బూట్లు. ఏటా మగపిల్లలను ఉదయగిరి దుర్గం ఎక్కించడం మా బడిలో ఆనవాయితీ. ఆడపిల్లలకు ఆ ముచ్చట లేదు. నేను తొమ్మిదిలో ఉండగా ఆమె హెడ్మాస్టరుగారితో పోట్లాడి మరీ ఒప్పించారు. "ఒక్క పిల్ల ఏడ్చి మధ్యలో దిగొచ్చినా, మళ్లా ఆడపిల్లల్ని కొండకి పంపించమని నన్ను అడగొద్దు" అన్నాడట ఆయన. ఆ మాట ఆమె మా దగ్గర దాచలేదు.

కొండ కింద ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎక్కేముందు ప్రతి పిల్లా తన భయమేమిటో పైకి చెప్పాలి. ఒకతె పాములంది, ఒకతె చిరుతపులంది. చేజర్ల రమణమ్మ "మా నాయన" అనేసరికి విరగబడి నవ్వాం. బావిలోకి తొంగిచూస్తేనే కళ్లు తిరిగే నేను మాత్రం మేకపోతు గాంభీర్యంతో "నాకేం భయం లేదు టీచర్" అన్నాను. ఆమె రెట్టించలేదు. "నాకైతే ఉండాదమ్మా. ఎత్తు మీద నుంచి పల్లం చూస్తే కాళ్లు వణకతాయి" అన్నారు. మమ్మల్ని ఆటపట్టిస్తున్నారనుకున్నాం. డ్రిల్లు టీచరుకు భయమేమిటి!

సగం కొండ దాటాక దారి సన్నబడింది. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. ముందున్న పిల్లలు దాటిపోయారు, నా కాళ్లు కదలలేదు. నేను దిగిపోతే నా వెనక వచ్చే ఆడపిల్లలెవరికీ ఈ కొండ ఉండదని తెలుసు. అయినా కాళ్లు నా మాట వింటేగా! వెనకనుంచి టీచర్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

"నాకు భయంగా ఉండాది. నీకో?"

"నాకూ టీచర్" అన్నాను. అనగానే ఊపిరాడింది.

"అయితే నన్ను నువ్వు పట్టుకో, నిన్ను నేను పట్టుకుంటా. బండ పక్కకే చూడు."

ఇద్దరం పీతల్లా పక్కకు జరుగుతూ దాటాం. పైన కోటగోడ నీడలో సద్దిమూటలు విప్పుకున్నప్పుడు ఆమె నా సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె రిటైరయ్యేదాకా ఏటా ఆడపిల్లలు ఆ కొండ ఎక్కారు.

నన్ను దాటించడానికే అలా నటించారని చాలా ఏళ్లు నమ్మాను. టీచర్ పోయాక వాళ్లింటికి వెళ్లి ఆ ముచ్చటే చెబితే, ఆమె చెల్లెలు నన్ను వింతగా చూసింది.

"నటనేందమ్మా? మా ఆపా ఆరేసిన బట్టలు తీసేదానికి కూడా మిద్దె ఎక్కేది కాదు. కొండకి పోయొచ్చిన రోజు అన్నం ముట్టేది కాదు, ముసుగుతన్ని పడుకునేది."

అన్నేళ్లు, మాలాంటి పిల్లల కోసం, ఆమె నిజంగానే వణుకుతూ ఆ లోయ పక్కన నడిచారు. ఆనాటి నుంచి నేను ధైర్యం నటించడం మానేశాను.

పోయినేడు నాకు గుండె ఆపరేషను జరిగింది. లోపలికి తీసుకుపోయేముందు మా అబ్బాయి, "మా అమ్మకి ధైర్యం ఎక్కువ" అని కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాడు. వాణ్ణి దగ్గరకు పిలిచి, నాకు చాలా భయంగా ఉందని చెప్పాను. అంత మనిషీ నా చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు. పొద్దుటినుంచీ వాడూ దాచుకునే ఉన్నాడు.