శనక్కాయల కేసు

బయమ్మ గెలిపించిన కేసును విడపనకల్లులో ఇప్పటికీ శనక్కాయల కేసనే అంటారు. బస్టాండులో ఉడికించిన శనక్కాయలు అమ్మే ఆమె మహిళా కానిస్టేబులని అప్పట్లో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. కర్ణాటక మందు ప్యాకెట్లను దొంగతనంగా తెచ్చి అమ్మే ఓబిలేష్ కోసం ఆమె అక్కడ కాపు కాసింది.

ఎస్సై దాదాపీర్ ముందే హెచ్చరించాడు.

"ఒకరింట్లోకి తొంగిచూసి తప్పులెతకొద్దని మా ఖురాన్ చెప్తాది. తప్పు చేయమని ఉసిగొల్పొద్దని చట్టం చెప్తాది. నువ్వు రోడ్డుమీదే కూచో. నోరు తెరిచి మందు మాత్రం అడగొద్దు."

నోరు మూసుకోవడమంటే బయమ్మకు ప్రాణం మీదికొస్తుంది. అయినా పళ్ళు బిగించి కూర్చుంది.

ఒకనాడు ఓబిలేష్ బరువైన సంచితో బస్సు దిగాడు. శనక్కాయలు కొనుక్కుని తిని, జేబులు తడుముకున్నాడు.

"దుడ్లియ్యప్పా," అంది బయమ్మ.

"చిల్లర లేదక్కా. ఇది మీ ఇంటాయప్పకియ్యి," అంటూ, అంగడివాళ్ళు చిల్లరకు బదులు చాక్లెట్ ఇచ్చినట్టు, మందు ప్యాకెట్ తీసి ఆమె గంపలో పడేశాడు.

బయమ్మ అతని చెయ్యి పట్టుకుంది. సంచి నిండా అవే ప్యాకెట్లు.

కోర్టులో అతని వకీలు గద్దించాడు. "మందు ఇమ్మని మీరే అడిగారు కదా?"

"నేనడిగింది శనక్కాయల దుడ్లు సార్," అంది బయమ్మ. "ఆయప్ప అవి ఇంగా ఇయ్యనే లేదు."