తెల్ల వంకాయ నారు

మా తమ్ముడు ఏటా దాచుకునే తెల్ల వంకాయ విత్తనం, అతను పోయిన మరుసటి ఏడు పిడికెడే మిగిలింది. అతని భార్య దాన్ని నా చేతిలో పోసి, "జర పైలం బావా, ఇంతకు మించి లేదు" అంది.

పెరట్లో వెదురు బద్దలు వంచి, ప్లాస్టిక్ పట్టా కప్పి కట్టుకున్న చిన్న గూటిలో మాఘమాసం మొదట్లో ఆ నారు పోశాను. బాగా మొలిచింది. శివరాత్రి దాటేదాకా పట్టా తీయకూడదని నా డైరీల్లో ఏళ్లుగా రాసి ఉంది. తొందరపడి తీసిన ఏడాది మొలకలు చలికి దెబ్బతిన్న సంగతీ ఉంది.

ఆసారి ఎండలు ముందే ముదిరాయి. పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం ఉక్కపోస్తుంటే ఇంట్లో ఫ్యాన్ వేసుకుని పడుకున్నాను. పట్టా ఎత్తాలని తోచలేదు. లేచి చూసేసరికి నారంతా ఉడికిన ఆకుకూరలా మట్టి మీద వాలిపోయింది. నీళ్లు చల్లినా ఒక్క మొక్కా లేవలేదు.

సాయంత్రం మరదలు వచ్చి చూసింది.

"శివరాత్రి కాలేదని పట్టా తియ్యలే" అన్నాను.

"పుస్తకం సూసినరు గని, ఒక్కపారి లోపట చెయ్యి పెట్టి సూడకపోతిరి బావా?" అంది. వాలిన నారును వేలితో కదిపి, "నాలుగు గింజలన్న పక్కకు పెట్టిన్రా?" అని అడిగింది.

అన్నీ పోశానని చెప్పాను.

ఆమె కల్వకుర్తిలో నారు కొని నాటింది. అది విరగకాసింది. కొన్న హైబ్రిడ్ నారు గింజకు మళ్లీ అదే కాయ రాదని ఆమెకు తెలుసు. అన్నీ లేతగానే కోసి అమ్మింది. విత్తనానికని ఒక్క కాయనూ చెట్టున పండనివ్వలేదు.