ఎద్దులను ఆపిన వాక్యం

ముందే చెప్పేస్తున్నాను. నా నోట్లో పడిన ఏ సంగతీ తన అసలు సైజులో బయటికి రాదు. వీధిలో నాలుగు చినుకులు రాలితే కుందూ నది ఊరిమీదికి వచ్చిందని చెప్పే రకం నేను. మా ఇంట్లో వాళ్లు నా మాటల్లోంచి ముప్పాతిక కొట్టేసి మిగిలింది నమ్ముతారు (ఆ మిగిలిన పాతికలోనూ మా ఆవిడ బేరమాడుతుంది). మీరూ ఎక్కడ కావాలంటే అక్కడ కోత పెట్టుకుంటూ చదవండి, నాకేమీ కోపం లేదు. కాకపోతే ఒక్క చోట మాత్రం చివర్లో నేనే వేలు పెట్టి చూపిస్తాను, ఇది పూర్తిగా నేను అల్లింది అని.

ఆ రోజుల్లో, అంటే ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తలో, నంద్యాలలో ప్లీడరు కావాలన్నా పంతులు కావాలన్నా పత్తి దళారీ కావాలన్నా ఎవరి కాళ్లు పట్టుకోవాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రచయిత కావాలంటే ఏ బస్సెక్కాలో మాత్రం కండక్టర్లకు కూడా తెలియదు. మొన్న ఒక కాలేజీ వాళ్లు పిలిచి, రచన నేర్చుకునే పిల్లలకు ఎక్కడెక్కడ అవకాశాలున్నాయో చెప్పమన్నారు. నా ముందు మాట్లాడినాయన రేడియో అన్నాడు, టీవీ అన్నాడు, ప్రకటనల కంపెనీలన్నాడు, పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. నా వంతు వచ్చాక, "మీలో ఎవరికైనా ఎద్దులున్నాయా?" అని అడిగాను. ప్రిన్సిపాలు గారు గడియారం చూసుకున్నారు. ఆ ప్రశ్న వెనక ఉన్న కథ ఇది.

డిగ్రీ అయిపోయి నంద్యాలలోనే ఒక గదిలో ఉండేవాణ్ణి. గది ఎంత చిన్నదంటే, నాకొక ఆలోచన వస్తే నేను బయటికి వెళ్లి దానికి చోటివ్వాలి. ముందు ఒక ప్రెస్సులో పెళ్లిపత్రికలు రాసే పనికి కుదిరాను. మొదటి పత్రికలోనే వసంతం రాకను వర్ణించాను. కోయిల వచ్చింది, మావిచిగురు వచ్చింది, మలయమారుతం వచ్చింది, ముహూర్తానికి చోటు లేకుండా పోయింది. ప్రెస్సాయన చదివి, "అబ్బీ, కోయిలెప్పుడు కూసేదీ రాసినావు. పెండ్లెప్పుడో తెలీకుంటే జనం ఎప్పుడు తినేకి పోతార్రా?" అని పంపించేశాడు. తర్వాత తాలూకా ఆఫీసు ముందర అర్జీలు రాయడానికి కూర్చున్నాను. ఒక ముసలాయన తన వీధిలో బోరింగు చెడిపోయిందని రాయమన్నాడు. దాహంతో ఎండిన గొంతుల మీద, ఖాళీ బిందెల శోకం మీద నా గుండెనంతా కుమ్మరించి గట్టిగా చదివి వినిపించాను. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని, "నా బతుకు ఇంత అన్యాయంగా ఉందని నాకే తెలీదప్పా" అంటూ ఇంటికి పోయి పడుకున్నాడు. అర్జీ నా చేతిలోనే ఉండిపోయింది. నా రాతకు మనుషులను కదిలించే శక్తి ఉందని అనుకునేవాణ్ణి. నిలబెట్టేసే శక్తి ఉందని అప్పటికి తెలియదు.

ఇట్లా ఉండగా మా నాయన పత్తి బండితో నంద్యాలకు వచ్చాడు. మాది దొర్నిపాడు పక్కన సేద్యం ఇల్లు. నాయన మాటలను విత్తనాల్లాగా వాడేవాడు, మరీ అవసరమైన చోట ఒకటి. గది మధ్యలో నిలబడి (అంటే గదంతా నిలబడి) అడిగాడు.

"ఏం చేస్తాండావ్?"

"రాస్తాండా నాయనా."

"ఏందీ?"

"కథలు. పత్రికలకు పంపిస్తాండా."

"పోయినవి ఆడనే ఉంటాండాయా?"

"లేదు నాయనా. తిరిగి వస్తాండాయి."

నాయన తల ఊపాడు. "మన ఎద్దులూ అంతే. యాడికి తోలినా సందేళకు ఇంటికొస్తాయి. కాకపోతే అవి దున్నొస్తాయి" అన్నాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "ఆళ్లగడ్డ పక్క తిరుణాల దాకా సూస్తా. ఆలోపల నీ రాతను సూసి నిన్ను పనిలో పెట్టుకునే మనిషి ఒకడుంటే నేను అడ్డం రాను. లేదంటే ఇంటికొచ్చి గుంటక పట్టాల."

ఎద్దుల వెనక గుంటక పట్టి పొలం చేయడం నాకు నామోషీ కాదు. కానీ దాని వెనక నడుస్తూ నేను చంద్రుణ్ణి వర్ణిస్తే, చాళ్లు ఏ ఊరికి పోతాయో నాకే భయం. ఆ భయంతో వీధిలో పడి తిరుగుతుంటే, బస్టాండు పక్కన ఒక దుకాణం లోంచి ఆకాశవాణి కాని ఒక ఆకాశవాణి వినిపించింది. మైకుసెట్లు అద్దెకిచ్చే గొట్టాలన్న గొంతు అది. అసలు పేరు అతని రేషన్ కార్డుకే తెలుసు. ఇంత పొడుగు మీసం, గంజి పెట్టిన తెల్లచొక్కా, మెడలో ఎర్ర తువ్వాలు. సినిమా వచ్చినా, సర్కసు వచ్చినా, ఎద్దు తప్పిపోయినా ఊరికి చెప్పేది అతనే. అతను నంద్యాలలో దగ్గితే మహానందిలో పూజారి "ఎవరు స్వామీ?" అని అడిగేవాడు. తన గురించి తనకు చాలా గొప్ప అభిప్రాయం, నాకేమో అతని గురించి అంతకంటే గొప్ప అభిప్రాయం. అందుకే మాకు మొదటి రోజే కుదిరింది.

"నీకు రాసేది నేర్పిస్తా" అన్నాడు మీసం మీద చేయి వేసి. "ఏదీ, తిరుణాల మీద నాలుగు ముక్కలు రాసుకోనిరా." నేను రాత్రంతా కూర్చుని, నిఘంటువులో ఉన్న మాటలన్నిటికీ పని కల్పిస్తూ ఒక వాక్యం రాసుకొచ్చాను. గొట్టాలన్న మేడ మీద హారన్ గొట్టం బిగించి (ఆ గొట్టంలో ఒక దూడ పడుకుని నెమరు వేయొచ్చు), నా కాగితం చేతికి తీసుకుని, "నువ్వు ఈడ నిలబడొద్దు. ఆ చివర బెల్లం అంగడి ఉంది సూడు, ఆడికి పో. నేను సదువుతా. ఆడికి ఏది చేరిందో వచ్చి చెప్పు" అన్నాడు.

పోయి నిలబడ్డాను. జట్కాలు, లారీలు, బెల్లం అంగట్లో బేరాలు, ఈగలు. వాటిని దాటుకుని నా సమాసాలు ఒక్కటి కూడా రాలేదు. గొయ్యి మీద నుంచి దూకలేని గొర్రెల్లాగా అన్నీ దారిలోనే ఆగిపోయాయి. చేరినవి రెండే మాటలు: "తిరుణాల", "రండప్పా". ఆ రెండో మాట నేను రాయలేదు, గొట్టాలన్న జాలిపడి కలిపాడు.

తిరిగొచ్చి తల వంచుకుని నిలబడితే, గొట్టాలన్న నవ్వలేదు, తిట్టలేదు. "గొట్టం కింద నిలబడి ఇంటే ఎవడి రాతైనా వానికి బాగుంటది. బెల్లం అంగడి కాడ నిలబడి రాయాల. ఆడుండే మనిషికి నీతో పని లేదు, బెల్లంతో పని. వాడు తల తిప్పినాడంటే నువ్వు రాసినట్టు" అన్నాడు. తర్వాతి కాలంలో సాహిత్యం మీద నేను విన్న ప్రసంగాలన్నీ బస్తాలో కట్టి త్రాసులో ఒకవైపు వేసి, ఆ మాటలు మరోవైపు వేస్తే, బస్తా గాల్లోకి లేస్తుంది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

తిరుణాల దాకా అదే బడి. పొద్దున రాయడం, మధ్యాహ్నం బెల్లం అంగడి దగ్గర నిలబడడం. నన్ను చూసి అంగడాయన ముందు దొంగ అనుకున్నాడు, తర్వాత పిచ్చోడు అనుకున్నాడు, చివరికి, "నిన్నటి కంటే ఈ పొద్దు నయం లేప్పా" అని చెప్పే దాకా వచ్చాడు. నా జీవితంలో నేను అందుకున్న మొదటి సమీక్ష అది, బెల్లం ముక్కతో సహా.

తిరుణాలలో బండలాగుడు పోటీలకు మైకు గొట్టాలన్నదే. తెలియని వాళ్లకు చెబుతున్నాను: బారెడు రాతిబండను గొలుసుతో కాడికి కడతారు. ఈల వేసినప్పటి నుంచి గడువు ముగిసే లోపల ఏ జత ఎక్కువ దూరం లాగితే దానికి వెండి కడియం. ఒక్కో జత బరిలోకి వచ్చినప్పుడు ఆ ఎద్దులను, వాటి యజమానిని పొగడడం మైకు మనిషి ధర్మం. పొగడ్త తగ్గిందని పోట్లాటలు కూడా అవుతాయి. గొట్టాలన్న నన్ను పిలిచి, "ఈ తూరి ఆఖరి జత నీది. మెప్పించినావంటే నా కాడ పర్మనెంటు. లేదంటే మీ నాయన గుంటక కాడ పర్మనెంటు" అన్నాడు. చీటీలు తీశారు. ఆఖరి జత ఎవరిదో తెలిసి నాకు చెమట పట్టింది. చెన్నడు, మల్లడు. మా నాయన ఎద్దులు.

అప్పటికి బనగానపల్లె మామిడితోటల పెద్దాయన జత అందరికంటే దూరం లాగి ఉంది. ఆయన కడియం అప్పుడే చేతికి వచ్చినట్టు మణికట్టు తడుముకుంటున్నాడు. జనమా? ఆళ్లగడ్డలో ఆ పొద్దు కుక్కలు తప్ప ఎవరూ మిగల్లేదు, కుక్కలు కూడా ఆలస్యంగా వచ్చాయి. నాయన తలపాగా బిగించి, పగ్గాలు పట్టుకుని బరిలోకి వచ్చాడు. మంచె మీద మైకు ముందున్న నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఈల పడింది. బండ కదిలింది. గొట్టాలన్న మైకు నా వైపు తోసి, "బెల్లం అంగడి!" అన్నాడు.

"సూడండప్పా, చెన్నడొస్తాండాడు! వాని మూపురం మీద మబ్బు ఆగిందంటే నల్లమలకు వాన లేదు! వాని గిట్ట పడిన తావు గుర్తు పెట్టుకోండి, బావి తవ్వుకోవచ్చు! పక్కన మల్లడు సూడండి, కొమ్ము విసిరితే పొద్దు పక్కకు జరుగుతది!" జనం ఈలలేశారు. బండ పరుగు లాంటి నడక అందుకుంది. పెద్దాయన మణికట్టు వదిలేశాడు. మా జత గెలుస్తోంది! నాకు ఒళ్లు తెలియలేదు. కాగితంలో లేనిది నోటికొచ్చింది. "ఈ జతను సాకిన మనిషిని సూడండి! ఉలవలు నానేసీ నానేసీ ఆ చేతులు మొలకెత్తినాయి! ఆ ఇంట్లో ఎద్దులు పాలు తాగినాయి, పిల్లోళ్లు మజ్జిగ తాగినారు! ఆ మజ్జిగ తాగిన పిల్లోడొకడు ఈ పొద్దు, ఇంతమంది ముందర, ఈ మంచె మీద నిలబడి..."

బండ ఆగింది.

చెన్నడు, మల్లడు చెవులు నిక్కించి గొట్టం వైపు తల తిప్పి నిలబడిపోయారు. నెమరు కూడా మానేశారు. తమను పొగిడే వాక్యం ఎట్లా ముగుస్తుందో తెలియకుండా అడుగు వేసేది లేదన్నట్టు నిలబడ్డారు. "తోలప్పా! తోలు!" అని జనం అరుపులు. గొట్టాలన్న నా తొడ గిచ్చి, "ముగించరా నాయనా, నువ్వు ముగిస్తే గానీ అవి కదిలేట్టు లేవు!" అన్నాడు. ముగించడానికి మాట దొరకలేదు. వాక్యం నల్లమల ఎక్కింది, అహోబిలం చుట్టి వచ్చింది, కుందూలో మునిగి లేచింది, చివరికి ఎట్లాగో, "...చెప్తాండాడు, ఆ పాలు వాటికే తగును!" అన్న దగ్గర ఒడ్డుకు చేరింది. ఎద్దులు ఒక్క ఊపున కదిలాయి. అప్పుడే గడువు ముగిసిన ఈల పడింది. మూరెడు తక్కువైంది. కడియం బనగానపల్లెకు పోయింది.

మంచె దిగి, గుంటకకు మనసు సిద్ధం చేసుకుంటూ నాయన దగ్గరికి పోయాను. ఆయన మల్లని మెడ తుడుస్తున్నాడు. నేను నోరు తెరిచే లోపలే మామిడితోటల పెద్దాయన వచ్చాడు, కడియంతో, కడుపు పట్టుకుని నవ్వుతూ. "గొట్టాలన్నా! వచ్చే ఉగాదికి మా ఊర్లో పోటీలుండాయి. ఈ పిల్లోన్ని ఇప్పుడే మాట్లాడుకుంటాండా. నా ఎద్దులను పొగిడేకి కాదప్పా, నా ఎదుటోళ్లవి పొగిడేకి!" జనం గొల్లుమన్నారు. ఆయన వెనకే మరో ఇద్దరు ఎద్దులాయనలు అదే బేరంతో వచ్చారు. ఆ పొద్దు నాకు దొరికినన్ని ఉద్యోగావకాశాలు, అన్నీ పక్కవాళ్లను ఓడించడానికే అయినా, ఈ జిల్లాలో ఏ పట్టభద్రుడికీ దొరికి ఉండవు.

గొట్టాలన్న మీసం దువ్వి, "పశువులనే నిలబెట్టినాడు, మనుషులెంత? వీడు నా శిష్యుడప్పా!" అని మైకు లేకుండానే మూడు ఊళ్లకు వినిపించాడు.

నాయన అతణ్ణి ఒకటే అడిగాడు. "పనిలో పెట్టుకుంటాండావా?"

"పెట్టుకుంటాండా."

"సరే" అని పగ్గాలు అందుకున్నాడు. నాలుగడుగులు పోయి, వెనక్కి తిరగకుండానే, "గుంటకకు వేరే మనిషిని సూసుకుంటాలే" అన్నాడు.

గొట్టాలన్న దగ్గర పనిచేసి, అక్కడి నుంచి నాటకాలకు మాటలు, తర్వాత పత్రికలకు కథలు రాసే దాకా వచ్చాను. ఆయన పోయినా, కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా నేను ఇంకా ఆ బెల్లం అంగడి దగ్గరే నిలబడి ఉంటాను. కాలేజీ పిల్లలకు ఇదే చెప్పాను. చెవి పెట్టి విన్నారు, ప్రిన్సిపాలు గారు కూడా.

ఇక నేను అల్లింది చూపించాలి కదా. నల్లమల మబ్బు, దూడ పట్టే గొట్టం మీరు ఎప్పుడో కోసేసి ఉంటారు. నేను చెప్పేది వేరే. ఎద్దులు చెవులు నిక్కించి ఆగడం. అది అబద్ధం. ఎద్దులకు వచనం పట్టదు. ఈ కథ తిరుణాలల్లో ఊరూరా అట్లాగే పాకింది, నాయనను ఎవరన్నా అడిగితే ఆయన కూడా, "అవునప్పా, జీవాలు కదా, ఇన్నాయి" అనేవాడు. కానీ నేను మంచె మీద ఉన్నాను, నాకు బాగా కనిపించింది. మజ్జిగ తాగిన పిల్లోడు అన్న మాట దగ్గర, గెలుస్తున్న జతను పగ్గాలు బిగించి నిలబెట్టింది నాయన చెయ్యి. తల ఎత్తి గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ముగించడానికి మాట దొరకలేదన్నది కూడా అబద్ధమే. అది అప్పటికే నా నోటి చివర ఉంది. నాయన వింటున్నాడు కదా అని, ఇంకొంచెం సాగదీశాను. ఆ అలవాటే ఇంతవరకూ పోలేదు.