ఫ్లైఓవర్ కింద సర్వపిండి

మునగాల దగ్గర హైవే మీద ఫ్లైఓవర్ లేచింది. ఎంత ఎత్తంటే, దాన్ని దాటే కాకులు మధ్యలో ఓసారి వాలి ఆయాసం తీర్చుకోవాల్సిందే. దాని కింద మా అక్క సర్వపిండి దుకాణం మిగిలిపోయింది. పొద్దంతా నెత్తి మీద లారీల మోత. దుకాణం ముందు మాత్రం ఈగ కూడా వాలదు.

"నెలాఖరు దాక సూస్తరా తమ్మీ. గిరాకీ రాకుంటే షట్టర్ ఖాళీ చేసి, గా దాబాల గిన్నెలు తోమవోత," అంది అక్క. ఇన్నేళ్లు సొంత పొయ్యి ముందు రాణిలా కూర్చున్న మనిషి.

ఆ మాట వినలేక, సూర్యాపేటలో హాస్యం రాసుకు బతికే నేను రంగంలోకి దిగాను. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న మా మేనబావ బియ్యప్పిండి పంపుతానన్నాడు. కోదాడలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే మిత్రుడు ఆన్‌లైన్ సంగతి తనదన్నాడు. ఈ మూడూళ్ల పొత్తుతో ప్రాంతమంతా మళ్లీ చిగురిస్తుందని నేను దంచిన ప్రసంగానికి బెంచీ కింది కుక్క హాయిగా నిద్రపోయింది.

"మ్యాపులో పెట్టేశానండీ. దారిన పోయేవాళ్లు ముందే ఆర్డరిస్తారు, అక్కయ్యగారు వేడివేడిగా అందిస్తారు," అన్నాడు మిత్రుడు.

మర్నాడే ఆర్డరొచ్చింది. అక్క పల్లీలు, నువ్వులు దండిగా కలిపి, పిండిని గిన్నెకు ఒత్తి ఎర్రగా కాల్చింది. ఫోన్ మోగింది.

"ఆంటీ, మీ దుకాణం కాడికే వచ్చినం. గీడ ఏం లేదు గదా!"

"నేను గీడనే ఉన్న బిడ్డా. నువ్వు యాడున్నవ్?"

"బ్రిడ్జి మీద."

ఇద్దరం తలలెత్తాం. పిట్టగోడ మీంచి ఒక తల మమ్మల్ని చూస్తోంది. మ్యాపు తప్పు చేయలేదు. సరిగ్గా దుకాణానికే తెచ్చింది, కాకపోతే పై అంతస్తుకు.

"ముంగటికి వోయి, యూటర్న్ కొట్టి..."

"లేటయితది ఆంటీ!" తల మాయమైంది.

వారమంతా అదే తంతు. చల్లారిన సర్వపిండి మూడుపూటలా మింగీ మింగీ నా చెమట కూడా పల్లీ వాసన కొట్టసాగింది. బావ ఫోన్ చేసి "ఇంకో బస్తా పంపాల్నా?" అంటే ఏడుపొక్కటే తక్కువ.

చివరికి మ్యాపులో గుర్తును సర్వీస్ రోడ్డు చీలే చోటికి జరిపాం. అక్కడికొచ్చిన కార్లు దుకాణం కనపడక బిత్తరపోయి, హారన్ కొట్టి, మళ్లీ పైకే పోయాయి.

"ఆడ ఒక మనిషి నిలవడాలెరా," అంది అక్క. "బావకు మిల్లున్నది. నీ దోస్తుకు సెంటరున్నది. నీకేమున్నది? రాసుడే గదా!"

అలా ఈ ప్రాంతపు ఇంటర్నెట్ సేవ నేనే అయ్యాను. ఇనుము కరిగే ఎండలో తువ్వాలు ఊపుతూ నిలబడ్డాను. నా కాళ్లు తారులో మోకాళ్ల దాకా దిగిపోయాయని ప్రమాణం చేసి చెప్పగలను. ఒక కారు ఆగింది, తిరిగింది, కిందికి దిగింది. దాని వెనకే మరొకటి.

సాయంత్రానికి అక్క ఫోన్ చేసింది. "ఇంకో నెల ఉంటనని ఓనర్‌కు చెప్పిన తమ్మీ. రేపు జర జల్ది రా."

సరేనన్నాను. కూర్చుందామని చూశాను. నీడ లేదు. ఇంకో కారు వస్తుంటే చెయ్యెత్తాను.