స్విచ్ అరుగుతుందని

మొన్న మంగళవారం పొద్దున మా మరిది పోయాడు. గోదావరిఖనిలో బొగ్గుబావి ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఏడ్చాను. కానీ గుండె మీద బరువు లేదు. ఎందుకో చెబుతాను.

ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపుతో ఫ్రిజ్‌నూ మిక్సీనూ తాకి చూసేవాడు. పంపు మోటార్ల దగ్గర అబ్బిన అలవాటు. "వేడైతాందంటే కరెంటు ఉత్తగ పోతాంది వదినా" అనేవాడు.

మా అబ్బాయికి బొగ్గు కంపెనీ ఇచ్చిన, మేమంతా ఉండే క్వార్టర్‌లో కరెంటుకు బిల్లు రాదు. స్విచ్ పాడైతే మాత్రం మనమే కొనుక్కోవాలి. అందుకని మా క్వార్టర్ల లైన్‌లో ఎవరమూ స్విచ్ ముట్టుకోము. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంది, వంట అయిపోయినా కాయిల్ హీటరు ఎర్రగా కాలుతుంది. కొత్తిమీర కట్టకు కూడా లెక్క రాసే నేనూ అంతే. మా మరిది మీటరు పెడతానంటే ఏళ్లపాటు ఒప్పుకోలేదు.

"ఇయ్యాల మీటరు వెడ్తె రేపు బిల్లేస్తరు. మనకెందుకయ్యా?"

"బిల్లు కోసం కాదు వదినా. నీ లెక్కల బుక్కుల కరెంటుకు పేజీ లేదు. అది తప్పు లెక్క కాదా?"

పోయిన ఎండాకాలం మనవరాలు కాలేజీకి రాయాల్సిన వ్యాసం ఒకటి పట్టుకొచ్చింది. తక్కువ కరెంటుతో నడిచే కొత్త యంత్రాలు ఒక దేశంలో పుట్టాలంటే ఏం కావాలి? పరిశోధనకు డబ్బు, ప్రభుత్వ నియమాలు, కరెంటు ధర అని రాసుకుంది.

"అన్నీ నిజమే బిడ్డా" అన్నాడు మరిది. "కాని ముందుగాల ఎంత పోతాందో కండ్లకు కనవడాలె. కనవడకపోతె మంచి ఫ్యాను గావాల్నని ఎవడడుగుతడు? అడగకపోతె ఎవడు చేస్తడు? మీ నానమ్మనే సూడు. స్విచ్ అరుగుతదని దేశంల బొగ్గంత కాలవెడ్తాంది."

మనవరాలు పడీపడీ నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే, మా ఇంట్లో అంతేమీ పోవట్లేదని చూపిద్దామని, మర్నాడు మీటరు పెట్టమన్నాను.

లెక్కల పుస్తకంలో కరెంటుకు ఒక పేజీ పెట్టి రోజూ రీడింగ్ రాశాను. కరెంటు పోయినకొద్దీ వెలిగి ఆరే మీటరు ఎర్ర చుక్క మొదటి వారం గబగబా కొట్టుకునేది; అంకెలు చూసి సిగ్గేసింది. హీటరు మానేశాం, పాత ఫ్యాన్లు మార్చాం. అంకె దిగుతూ వచ్చింది. అయినా తప్పు నాదని మాత్రం అతనితో అనలేదు. ఈలోగా అతను మంచాన పడ్డాడు. చెప్పకుండానే అయిపోతుందేమోనని భయం పట్టుకుంది.

అతను పోయే ముందురోజు, సోమవారం, ఆ పుస్తకం పట్టుకుని దవాఖానకు వెళ్లాను. కరెంటు పేజీ తెరిచి ముందు పెట్టాను.

"ఇన్నేండ్లు తప్పు లెక్క నాదేనయ్యా" అన్నాను.

అతను మెల్లగా చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపుతో ఆ పేజీని తాకాడు.

"సల్లగుంది వదినా" అన్నాడు.

నిన్న చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక్కో గదిలో స్విచ్ ఆపుకుంటూ వసారాలోకి వచ్చాను. మీటరు మీద ఎర్ర చుక్క ఒకసారి వెలిగి ఆరింది. మళ్లీ వెలగడానికి చాలాసేపు పట్టింది. అప్పటిదాకా అక్కడే నిలబడ్డాను.