పిన్నిగారికి చెప్పిన జార్జియా

అమ్మ పోయాక నా చదువు వినేవాళ్ళు లేకుండా పోయారు. చిన్నప్పుడు కాళ్ళు సరిగా రాక నేను బడికి వెళ్ళలేదు. నాన్న ఇంట్లోనే చెప్పారు. ఆ పాఠాలన్నీ మళ్ళీ అమ్మకు అప్పజెప్పేదాన్ని. ఆవిడ కూర తరుగుతూ "ఊ" కొట్టేది. ఇప్పుడు జగ్గయ్యపేటలో ఈ ఇంట్లో చదివింది చదివినట్టే నాలోనే ఉండిపోతోంది.

ఈ శ్రావణంలో లైబ్రరీ నుంచి వచ్చింది పాతకాలపు జార్జియా రాజ్యం చరిత్ర. ఉత్తరాన మంచుకొండలు, పడమట నల్ల సముద్రం, మధ్యలో ద్రాక్షతోటల లోయలు. ఎవరికైనా చెప్పాలని నాలుగు రోజులు ఒకటే ఆరాటం. గోడలకు ఎంతని చెప్పను?

శుక్రవారం పక్కింటి పిన్నిగారు వచ్చారు. కోడలు నందిగామ ఆఫీసుకు వెళ్ళిపోయిందట, తనకు అక్షరాలు ఆనవు, వ్రతకథ చదివిపెట్టమన్నారు. గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు. చదివాను. ఆవిడ అక్షింతలు తలమీద వేసుకోబోతుంటే ఉండబట్టలేక అడిగాను.

"పిన్నిగారూ, ఇంకో కథ చెప్పనా?"

"చెప్పమ్మాయ్, పుణ్యం." గుప్పిట మళ్ళీ బిగించారు.

ఆ దేశాన్ని ఒక రాణి ఏలిందనీ, ఆమెను రాజు అనే పిలిచేవారనీ చెప్పాను.

"మరి మొగుడో?"

"మొదటాయన్ని దేశం దాటించేసిందండి. రెండో పెళ్ళి చేసుకుంది."

"ఓసినీ! మంచిపని చేసింది. ఊ, తర్వాత?"

అచ్చం అమ్మ కొట్టే "ఊ"లాగే ఉంది. ఆవిడ దగ్గరకు జరిగి అందుకున్నాను.

"కొండ తొలిచి అంతస్తులుగా గదులు కట్టారండి, గుడితో సహా."

"కొండలు తవ్వేసే మన సిమెంటోళ్ళ కంటపడలా, నయం!"

రాణి పోయింది. పిల్లల కాలంలో మంగోలులు వచ్చారు. తర్వాత్తర్వాత రాజ్యం ముక్కలైంది. "అక్కడిదాకే చదివానండి," అన్నాను.

"అదేంటే! రాజ్యం పోయినచోట ఆపేస్తే అక్షింతలెట్టా వేసుకోను? పోయిన సిరి తిరిగొస్తేనే కదా కథ!"

ఇది వ్రతం కాదు, చరిత్ర, వేసుకోవచ్చండీ అన్నాను. వినలేదు. అక్షింతలు కొంగు చివర ముడేసుకుని లేచారు.

"రేపు భోజనాలయ్యాక వస్తా. మళ్ళీ ఒక్కటయ్యేదాకా చెప్పాల్సిందే."

ఆవిడ వెళ్ళాక పుస్తకం తీశాను. ఇంకా చాలా పేజీలే ఉన్నాయి. తల్లీ, నీ దయ, అనుకున్నాను. ఆ రాజ్యం అంత తొందరగా ఒక్కటి కాకపోతే బాగుండునని కూడా అనుకుని, వెంటనే అమ్మవారి ముందు లెంపలు వేసుకున్నాను.